చెప్పు చూసి బ్రేకులేసే హన్మాండ్లు

హన్మాండ్లు మనుషుల మొహాలు చూసేవాడు కాదు, చెప్పులు చూసేవాడు. అరబ్బు దేశంలోని జిజాన్ ఊరి బయట వర్క్‌షాపులన్నీ ఒక్కచోట కట్టిన పేటను సనాయియా అంటారు. అక్కడ ఇరవై రెండేళ్లుగా అతని పని ఒక్కటే, బ్రేకులు. ఇంజను జోలికి పోడు, ఏసీ జోలికి పోడు. బండి వచ్చి షెడ్డు ముందు ఆగితే డ్రైవరును దిగమని, కుడికాలి చెప్పు విప్పి ఇమ్మంటాడు. దాన్ని తిరగేసి, వెలుగుకు పట్టి, అడుగును బొటనవేలితో తడిమి, ఏ రకం ప్యాడు వెయ్యాలో అప్పుడు చెబుతాడు.

"ప్యాడు బండికి కాదు ఏసేది, కాలుకు" అనేవాడు.

అతని లెక్క అంతు చిక్కనిదేం కాదు. చెప్పు కొస మాత్రం కొద్దిగా అరిగితే, ఆ మనిషి బ్రేకును వేళ్లతో అద్దుతాడని అర్థం. వాడికి మెత్తటి ప్యాడు చాలు, చప్పుడు లేకుండా పట్టుకుంటుంది. అడుగుకు అడ్డంగా నున్నటి గాడి పడితే వాడు కాలును బ్రేకు మీదే ఉంచుకొని బతికే రకం. మెత్తటి ప్యాడు వేస్తే ఆ కాలి కింద అది కాగి, మాడి, పొగై పోతుంది. వాడికి ఇనుపరజను కలిపిన గట్టి ప్యాడే వెయ్యాలి, కీచుమన్నా సరే. ఇక మడమ ఒక పక్కకు కోసుకుపోతే వాడు కోపిష్ఠి. వాడికి ఏ ప్యాడైనా ఒకటే, డిస్కులే రెండు జతలు ఎక్కువ కొనిపెట్టుకోమనేవాడు.

చెప్పు ఇవ్వనన్నవాళ్లతో కొట్లాటలయ్యేవి. ఒక యెమెనీ డ్రైవరు తన చెప్పుతోనే హన్మాండ్లు చెంప వాయించాడు. హన్మాండ్లు ఆ దెబ్బ తగిలిన చోట తడుముకొని, "మడమతోని కొట్టినవ్, అరుగుడు తెలిసింది, గట్టిదే ఏస్త" అని, ముందు వాణ్ణి గోడకు వేసి కొట్టి, తర్వాత ప్యాడ్లు వేసి పంపాడు. ఇంకోసారి ఒక స్పేర్‌పార్టుల దుకాణంవాడు రంపపు పొట్టును రంగు జిగురుతో అదిమి అసలు సరుకని అమ్మాడు. హన్మాండ్లు ఆ ప్యాడును పంటికింద పెట్టి చూశాడు. తర్వాత దుకాణానికి వెళ్లి, వాడి మెడ చంకలో ఇరికించుకొని, అదే ప్యాడును వాడి నోట్లో కుక్కి, "నములు, అసల్దైతే పండ్లు ఊడ్తయ్, నకిలీదైతే బిస్కెట్టు లెక్క నలుగుతది" అన్నాడు. అది నలిగింది. రెండు పళ్లు కూడా ఊడాయి. దాంతో ఆ ప్యాడు అసలో నకిలీయో ఇప్పటికీ తేలలేదని పక్క షెడ్డులో డెంటింగ్ పనిచేసే లక్ష్మణ్ చెబుతాడు. లక్ష్మణ్‌ది కోరుట్ల, హన్మాండ్లుకు బావమరిది వరస.

ప్యాడ్ల విషయంలో ఆ మనిషికి అంత మొండితనం ఊరికే రాలేదు. పంతొమ్మిదేళ్ల వయసులో అతను మెట్‌పల్లిలో ఒక లారీ మీద క్లీనరు. డ్రైవరు పీరయ్య. ఒక వానాకాలం నిర్మల్ ఘాటు దిగుతుంటే బ్రేకు పెడలు ఉత్తదై పీరయ్య కాలి కింద నేలను తాకింది. పీరయ్య ఎడంచేత్తో హన్మాండ్లును తలుపులోంచి బయటికి తోసి, కుడిచేత్తో స్టీరింగు పట్టుకొని లారీతో పాటు బండరాళ్లలోకి పోయాడు. అతన్ని క్యాబినులోంచి తీయడానికి ఇనుము కోసే మిషను తెప్పించాల్సి వచ్చింది. తప్పుడు ప్యాడు వేసిన మెకానిక్కు మాత్రం మర్నాడు కూడా దుకాణం తెరిచి చాయ్ తాగుతూ కూర్చున్నాడు. హన్మాండ్లు వాడి చాయ్ గ్లాసు వాడి నెత్తిమీదే పగలగొట్టాడు. ఆ రోజు నుంచి అతని శాస్త్రంలో ఒకటే సూత్రం: ప్యాడు తప్పితే వేసినవాడికి దెబ్బ పడాలి.

సనాయియాలో కొండ డ్రైవర్లు ఇలాంటిదే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. జిజాన్‌కు తూర్పున ఫైఫా కొండలున్నాయి. మేడ మీద మేడలాగా మెట్లచేలు, వాటిని చుట్టుకుంటూ పాము కుబుసంలాంటి రోడ్డు. ఆ కొండల్లో తిరిగే బండికి కొత్త ప్యాడ్లు వేస్తే, వేసిన మెకానిక్కు మొదటి దిగుడుకు డ్రైవరు పక్కన కూర్చోవాలి. మిగతా మెకానిక్కులు ఆ రోజుకు జ్వరం తెచ్చుకునేవాళ్లు. హన్మాండ్లు మాత్రం సీట్లో వెనక్కి వాలి, మొదటి మలుపు తిరగకముందే గురక పెట్టేవాడు.

బక్రీదు ఇంకా ఐదు రోజులుందనగా, ఒక శుక్రవారం జుమ్మా నమాజు అయిన గంటకు తెల్ల పికప్పు ఒకటి షెడ్డు ముందు ఆగింది. దిగినవాడి పేరు ఇనాయతుల్లా. స్వాత్ లోయ పఠాను, ఆరడుగుల పైన రెండు వేళ్లు, గోరింటాకు పెట్టిన గడ్డం. ఇన్నాళ్లూ రియాద్‌లో బండి నడిపి, ఫైఫా మేకల వ్యాపారి దగ్గర చేరి వారమే అయింది. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది ఉర్దూలోనే, ఎవరి ఉర్దూ వాళ్లది.

"ఉస్తాద్, ముందు చక్రాలకు ప్యాడ్లు. అన్నిటికంటే గట్టివి" అన్నాడు ఇనాయతుల్లా.

"చెప్పు ఇయ్యి ఖాన్ సాబ్."

"చెప్పెందుకు?"

"డాక్టర్ నాలుక చూడడా? నేను చెప్పు చూస్త."

పఠాను నవ్వి కుడికాలి చెప్పు విప్పి విసిరాడు. పలచటి అరబ్బు తోలు చెప్పు. హన్మాండ్లు తిరగేసి చూసి ఆశ్చర్యపోయాడు. అడుగు అద్దంలా సమంగా ఉంది, కొస దగ్గర మాత్రం చంద్రవంకంత అరుగుడు. ఇరవై రెండేళ్లలో అంత మర్యాదగల చెప్పు అతను చూడలేదు. ఈ కాలు బ్రేకును తొక్కేది కాదు, పసిపాప బుగ్గలా నిమిరేది.

"నీకు మెత్తయే ఏస్త."

"మేకల బండి, ఫైఫా దిగాలి. గట్టివి వెయ్యి."

"నీ కాలు సంగతి నీకంటే నీ చెప్పుకు ఎక్కువ ఎర్క. అసుంటి కాలుకు గట్టియి ఏస్తే పట్టయ్. చల్లగున్నప్పుడు జారిపోతయ్."

లక్ష్మణ్ చేతిలో సుత్తితో వచ్చి, తెలుగులో గొణిగాడు. "బావా, పఠాన్ కాలుకు అరబ్బోళ్ల చెప్పులేంది? వీళ్లు బరువు చెప్పులు గదా ఏసేది."

"రియాద్‌ల ఉన్నోడు, సోకు నేర్సుండచ్చు. నువ్వు పోయి నీ డబ్బాలు కొట్టుకోరాదు."

ఇనాయతుల్లా నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఉస్తాద్, పట్టకపోతే?"

హన్మాండ్లు కుడిచెయ్యి చాచాడు. "పట్టకపోతే ఈ చెయ్యి నీ టైరు కింద పెడ్త. ఎక్కించు."

పఠాను ఆ చేతిని తన చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశాడు, మేక బరువు అంచనా వేసేవాడిలా. "మాటేనా?"

"మాటే."

"పఠాన్ ముంగట మాట జారినవ్ బావా" అన్నాడు లక్ష్మణ్. "వాళ్లు మాటను మర్సిపోరు, మన లెక్క కాదు."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. చదును రోడ్డు మీద బ్రేకుతో పనిలేదు, ఎక్కుడులో అసలే లేదు. హన్మాండ్లు పైదాకా నిద్రపోయాడు. కొండమీద పద్దెనిమిది మేకల్ని ఎక్కించారు, వెనక కటకటాల మధ్య అవి ఒకదాన్నొకటి కుమ్ముకుంటున్నాయి. ఎండ నడినెత్తికి వస్తుండగా దిగుడు మొదలైంది.

మూడు మలుపులు బాగానే దిగారు. నాలుగో మలుపులో హన్మాండ్లుకు మెలకువ వచ్చింది, ముక్కు వల్ల. కాలిన గోళ్ల వాసన. కళ్లు తెరిచి మొదటిసారిగా ఇనాయతుల్లా పాదం చూశాడు. ఆ పాదం బ్రేకు మీద రోకలిలా కూర్చుంది. మలుపు వచ్చినా, మలుపు పోయినా అది లేవడం లేదు. పైగా మడమ, చెప్పు దాటి వెనక్కి రెండంగుళాలు వేలాడుతోంది.

"ఖాన్ సాబ్, ఈ చెప్పులు నీయేనా?"

"నావి ఎక్కడివి? నిన్న జుమ్మా అయ్యాక బయటికొస్తే నా పెషావరీ చెప్పులు ఎవడో తొడుక్కుపోయాడు. మిగిలినవి ఇవే. వేలికి ఒరుసుకుంటున్నాయి."

హన్మాండ్లు సీట్లో నిటారుగా లేచి కూర్చున్నాడు. మసీదు మెట్లమీద చెప్పులు తారుమారవుతాయన్న ముక్క ఇరవై రెండేళ్లలో అతని బుర్రకు తట్టలేదు. తనకు అక్కడ చెప్పులు విడిచే గుడే లేదు, ఇంక ఎలా తడుతుంది? ఎవడో అద్దినట్టు బ్రేకు తొక్కే పెద్దమనిషి చెప్పు చూసి, ఈ రోకలి కాలుకు మెత్తటి ప్యాడు వేశాడు.

"కాలు తియ్యి. రెండో గేరుల ఎయ్యి."

"నాకు నేర్పుతావా? నేను కొండల్లో పుట్టాను."

"కొండల పుట్టినోడివి కొండల చస్తవ్, కాలు తియ్యి."

కాలు తీయలేదు. ముందు చక్రాల నుంచి తెల్లటి పొగ కిటికీలోకి వచ్చింది. ఐదో మలుపులో పెడలు ఉసూరుమని నేలను తాకింది, ముప్పై ఏళ్ల కిందట తాకినట్టే. బండి ముందుకు ఉరికింది. మేకలన్నీ ఒక్కసారిగా క్యాబిను అద్దం మీదికొచ్చి పడ్డాయి.

హన్మాండ్లు గేరు రాడ్డు మీదికి దూకాడు. ఇనాయతుల్లా మోచేత్తో అతని మొహం మీద కొట్టాడు. ముక్కు ఎముక ఎండు కొమ్మలా విరిగిన చప్పుడు ఇద్దరికీ వినపడింది. హన్మాండ్లు రెండు చేతులూ రాడ్డుకే ఉన్నాయి కాబట్టి పళ్లతో పనిపెట్టాడు. పఠాను ముంజేతిని, ఎముక తగిలేదాకా కొరికాడు. పఠాను పష్తోలో తిట్టాడు, హన్మాండ్లు నోరు నిండి ఉండటం వల్ల ఏ భాషలోనూ తిట్టలేకపోయాడు. ఆ చెయ్యి విడివడగానే రాడ్డును రెండో గేరులోకి గుద్దాడు. ఇంజను కోతకు పట్టిన పందిలా అరిచింది. ఇంకో చేత్తో హ్యాండ్‌బ్రేకును ఒక్కో ఇనుప పన్ను కటకటమనేలా పైకి లాగాడు.

"కొండకు రాపియ్యి. లోయ దిక్కు కాదు, కొండ దిక్కు" అన్నాడు, నెత్తురు ఉమ్ముతూ.

ఆ ఒక్క మాట పఠాను విన్నాడు. బండిని రాతిగోడకు రాపించాడు. మొదట పక్క అద్దం పోయింది, తర్వాత తలుపు పిడి, తర్వాత తలుపే పోయింది. కటకటాలు విరిగి ఒక పోతుమేక గాల్లోకి లేచి రోడ్డు మీద పడింది. బండి ఆరో మలుపు తిరగకుండా, రోడ్డు మరమ్మతుకు పోసిన కంకర కుప్పలోకి దూరి, ముందుభాగం పైకెత్తుకొని ఆగింది. కుప్ప అవతల మేఘాలు తప్ప ఏమీ లేవు.

ఇద్దరూ దిగారు. ఇనాయతుల్లా నడుములోంచి కత్తి తీశాడు. హన్మాండ్లు కళ్లు మూసుకున్నాడు. భార్య ముత్యవ్వ గుర్తొచ్చింది. మొన్ననే ఆమె ఫోనులో, "చెప్పులు జూసి జోస్యం చెప్పే పని ఏదోనాడు నీ పానం మీదికి తెస్తది" అంది. ఆమె మాటే నిజమయ్యేటట్టుందని అతనికి చావు భయం కన్నా ఎక్కువ బాధ కలిగింది.

పఠాను అతన్ని దాటి పోయాడు. మెడ విరిగి కొట్టుకుంటున్న పోతుమేక దగ్గర కూర్చొని, దాని తల తిప్పి, అల్లా పేరు చెప్పి కోశాడు. చావకముందే కొయ్యాలి, లేకపోతే తినడానికి పనికిరాదు. వేడి నెత్తురు తారురోడ్డు మీద ముద్దగా పరుచుకుంది. కత్తిని మేక వెంట్రుకలకే తుడిచి, ఒరలో పెట్టి, తిరిగొచ్చి హన్మాండ్లు కడుపులో ఒక్క గుద్దు గుద్దాడు. హన్మాండ్లు మోకాళ్ల మీద పడి, అక్కడి నుంచే పఠాను మోకాలి చిప్ప మీద తలతో కుమ్మాడు. ఇద్దరూ కంకరలో దొర్లారు. ఊపిరి అయిపోయేదాకా కొట్టుకున్నారు, మిగతా మేకలు చుట్టూ నిలబడి చూశాయి.

"మాటిచ్చిన చెయ్యి" అన్నాడు ఇనాయతుల్లా, గడ్డంలోంచి రాళ్లు దులుపుకుంటూ.

హన్మాండ్లుకు పారిపోయే దారి ఉంది. కింద రోడ్డు, పైన మెట్లచేలు, పఠాను కుంటుతున్నాడు. కానీ చాయ్ గ్లాసు పట్టుకొని కూర్చున్న ఆ మెకానిక్కు కళ్లముందు కనపడ్డాడు. తను అలాంటి మనిషిని కాదని ముప్పై ఏళ్లుగా లోకంతో కొట్లాడుతున్నాడు. చెప్పు మారింది నిజమే. మరి పాదం చూడాల్సింది ఎవరు?

బండి ముందుకు నడిచాడు. ఎడమ చక్రం ముందు కంకర తోసి, బోర్లా పడుకొని, కుడిచెయ్యి టైరు కింద సందులోకి పెట్టాడు. రబ్బరు వేడి మణికట్టుకు తగులుతోంది.

ఇనాయతుల్లా ఎక్కి కూర్చున్నాడు. ఇంజను స్టార్టయింది. హ్యాండ్‌బ్రేకు దిగిన చప్పుడైంది. హన్మాండ్లు పళ్లు బిగించాడు. బండి ఒక్కసారి వణికి ఆగిపోయింది.

మళ్లీ స్టార్టయింది. మళ్లీ ఆగింది.

"ఫస్ట్ గేరుల ఎయ్యి" అని కింద నుంచి అరిచాడు హన్మాండ్లు. "క్లచ్ మెల్లగ ఇడువు, కాల్తది."

మూడోసారి క్లచ్ పొగ వచ్చింది గానీ చక్రం కదల్లేదు. ఇనాయతుల్లా దిగొచ్చి వంగి చూశాడు. "ఏమైంది?"

హన్మాండ్లు తల తిప్పి చక్రం లోపలికి చూశాడు. మెత్తటి ప్యాడ్లు కరిగి, డిస్కుకు తారులా అంటుకొని గట్టిపడ్డాయి. పట్టాల్సినప్పుడు పట్టని బ్రేకు ఇప్పుడు గజరాజు వచ్చినా వదిలేటట్టు లేదు.

"జామైంది. నిలబడు, ఇడిపిస్త."

లేచి, జాకీ, పానా, సుత్తి తెచ్చాడు. చక్రం ఊడదీశాడు. విరిగిన ముక్కుతో వాసన తెలియక, ఇంకా కాగుతున్న ఇనుము మీద అరచెయ్యి ఆనించాడు. చర్మం చుర్రుమని అతుక్కుంది. చెయ్యి లాగితే తోలు కొంత అక్కడే ఉండిపోయింది. తలగుడ్డ చింపి చుట్టుకొని, ఎడంచేత్తో సుత్తి పట్టుకొని కొట్టడం మొదలుపెట్టాడు. ప్యాడు ఒక పెచ్చు ఊడింది. ఇంకో పెచ్చు.

ఇనాయతుల్లా దగ్గరికొచ్చాడు. "ఏం చేస్తున్నావు?"

"చక్రం తిరగాలె గదా."

"తిరిగితే నీ చెయ్యి నుజ్జవుతుంది."

"ఎర్కే. జర పక్కకు జరుగు, ఎల్తురుకు అడ్డమైనవ్."

పఠాను జరగలేదు. హన్మాండ్లు చెంప మీద ఈడ్చి ఒక దెబ్బ కొట్టాడు, కొండ అవతలి వైపు నుంచి ఆ చప్పుడు తిరిగొచ్చేటంత. తర్వాత అతని చేతిలోంచి సుత్తి లాక్కొని లోయలోకి విసిరాడు. పానా విసిరాడు. జాకీని కాలితో తన్నాడు, బండి కూలబడింది, జాకీ దొర్లుకుంటూ మేఘాల్లోకి పోయింది.

"అవి కఫీల్ సామాన్లు, మా సేటు జీతంల కోస్తడు" అన్నాడు హన్మాండ్లు చెంప పట్టుకొని. "ఇప్పుడు నా మాట ఎట్ల తీర్సాలె?"

"తీరింది, పిచ్చివాడా. ఇంకో మాట అన్నావంటే నిన్ను కూడా విసురుతాను." పఠాను మేకల నీళ్ల డబ్బా తెచ్చి ఆ కాలిన చేతిమీద వంచాడు. ముప్పావు డబ్బా పోసి, మిగిలింది తాను తాగాడు.

బండి అక్కడే ఉంది. ఇద్దరూ పదిహేడు మేకల్ని తోలుకుంటూ, కోసిన పోతును ఇనాయతుల్లా భుజాన వేసుకొని, నడిచి కొండ దిగారు. దారి పొడుగునా గట్టి ప్యాడు గురించి వాదన. తొమ్మిదో మలుపులో హన్మాండ్లు, "నీ కాలుకు ప్యాడు కాదు, లంగరు కట్టాలె" అన్నాడు. దానికి పదో మలుపుదాకా మళ్లీ కొట్టుకున్నారు. పదకొండో మలుపులో ఊపిరి పీల్చుకోవడానికి కూర్చుంటే ఒక మేక హన్మాండ్లు తలగుడ్డలో మిగిలిన ముక్క తినేసింది.

కొండ అడుగున చెక్‌పోస్టు. కుర్ర పోలీసు బయటికొచ్చి నెత్తురు ఓడుతున్న ఇద్దరినీ, మేకల్నీ చూశాడు. నిజం చెబితే పఠాను లోపలికి పోతాడు, లేకపోతే హన్మాండ్లు పోతాడు, బహుశా ఇద్దరూ.

"ఇతని ముక్కు ఎవరు పగలగొట్టారు?" అని అడిగాడు పోలీసు.

"మేక" అన్నాడు ఇనాయతుల్లా.

"నీ చెయ్యి ఎవరు కొరికారు?"

"మేకే" అన్నాడు హన్మాండ్లు, తనకొచ్చిన అరబ్బీలో.

పోలీసు పదిహేడు మేకల్నీ ఒక్కొక్కటిగా చూసుకుంటూ వెళ్లాడు. "వీటిలో ఏది?"

హన్మాండ్లు కట్టు కట్టిన కుడిచెయ్యి ఎత్తి పఠాను భుజం మీద వేలాడుతున్న పోతును చూపించాడు. "అది. అందుకే కోసినం."